మొయాలే దారి

చిరంజీవులు శ్రీజకు, కౌశిక్‌కు తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో కౌశిక్ అడిగినదానికి నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. కైరో నుంచి కేప్‌టౌన్ దాకా మోటార్‌సైకిల్ మీద వెళ్లినాయన వీడియో చూసి, "తాతయ్యా, కెన్యాలో మొయాలే రోడ్డు ఘోరంగా ఉండేదన్నావు కదా, ఇదేమో మన ఔటర్ రింగ్ రోడ్డులా ఉందే" అన్నాడు. నేను కోతలు కోశానని వాడి అనుమానం. వాడు చూసిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. మధ్యలో తారు పడింది.

కెన్యా మ్యాప్ తీయండి. నైరోబీ నుంచి ఇథియోపియా వైపు వేలు పైకి జరుపుతూ పోతే ఇసియోలో అనే ఊరు తగులుతుంది. అక్కణ్నుంచి సరిహద్దు మీదున్న మొయాలేకి సుమారు 500 కిలోమీటర్లు. సగం దూరంలో మర్సబిట్ కొండ. కొండ మీద అడవి, పొద్దున్నే పొగమంచు. కొండ దిగితే చుట్టూ ఎడారి. ఎడారి అనగానే రాజస్థాన్ ఇసుక దిబ్బలు ఊహించుకోకండి. ఇక్కడ ఇసుక కంటే రాయి ఎక్కువ. ఎప్పుడో అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి, పగిలి, నల్లటి రాళ్లయి కనుచూపుమేర పరుచుకుని ఉంటుంది. మర్సబిట్‌కి ఉత్తరాన ఉన్న ఆ మైదానాన్ని దిదా గల్గలు అంటారు.

1999లో నేను నైరోబీలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాణ్ని. మొయాలేలో ఒక షాపు బాకీ తేల్చుకు రమ్మని పంపారు. అప్పట్లో తారు ఇసియోలోతోనే సరి. ఆపైన లారీలే గతి. సరుకు మీద మనుషులు, పైనున్న ఇనుప కమ్మీలు పట్టుకుని కూర్చునేవారు. వెనక్కి వచ్చే లారీల్లో ఆ కమ్మీల కింద మేకలు, ఆవులు. షిఫ్తాలనే దారిదోపిడీగాళ్ల భయంతో లారీలన్నీ ఒక గుంపుగా, తుపాకులున్న పోలీసుల్ని ఎక్కించుకుని కదిలేవి. నేను కాస్త ఎక్కువ డబ్బిచ్చాను కాబట్టి క్యాబిన్‌లో డ్రైవర్ పక్కన చోటు దొరికింది. అదో సుఖం అనుకున్నాను, పావుగంట సేపు.

ఆ దారిలో గుంతలకన్నా అలలే పెద్ద బాధ. కంకర దారి మీద బండి చక్రం చిన్న ఎత్తు తగిలి ఎగురుతుంది. దిగేటప్పుడు కాస్త కంకరను ముందుకు నెడుతుంది. వెనకొచ్చే చక్రం ఆ కుప్ప మీదే ఎగిరి, అలాగే మళ్లీ దిగుతుంది. వేల చక్రాలు పోయాక దారి మొత్తం అడ్డంగా అలలు తేలుతుంది. రేకుల షెడ్డు పైకప్పు మీద, ఆ గీతలకు అడ్డంగా సైకిల్ తొక్కండి, అదే సంగతి. మెల్లగా పోతే ప్రతి అల కుదుపూ ఎముకల్లోకి దిగుతుంది. గంటకు 70, 80 కిలోమీటర్ల వేగంతో పోతే చక్రాలు అలల కొసల మీంచి తేలిపోతాయి, కుదుపు తగ్గుతుంది. కానీ అప్పుడు చక్రం నేలను సరిగ్గా పట్టుకోదు. బ్రేకు వేసినా, స్టీరింగ్ తిప్పినా బండి దానిష్టం. లోడు లారీకి ఆ వేగమూ రాదు, కాబట్టి మాకు కుదుపే మిగిలింది. ఆగిన ప్రతిచోటా టర్న్‌బాయ్, అంటే మన దగ్గర క్లీనర్, కిందికి దూరి బోల్టులు బిగించేవాడు. రెండో రోజు లారీ కింద బరువు మోసే కమాన్ కట్ట ఒకటి విరిగింది. నా చొక్కా జేబులో మర మూత ఉన్న ఇంకు పెన్ను ఉండేది. ఆ అదురుకి మూత దానంతటదే మర తిరిగి ఊడిపోయింది. మొయాలేలో బాకీ అడగడానికి గుండె మీద నీలం మరకతో వెళ్లాను. అది రోడ్డు తప్పు కాదు, జేబులో ఇంకు పెన్ను పెట్టుకున్నవాడి తప్పు అని మీ నానమ్మ ఇప్పటికీ అంటుంది.

వాన పడితే ఇంకో కథ. ఆ దారిలో చాలాచోట్ల మన కర్నూలు వైపు ఉండే నల్లరేగడి లాంటి మట్టే. ఎండితే నెర్రెలిస్తుంది, తడిస్తే చక్రాన్ని వదలదు. వానాకాలంలో లారీలు రోజుల తరబడి అక్కడే నిలిచిపోయేవి.

2007 ప్రాంతంలో ఇసియోలో వైపు నుంచి తారు వేయడం మొదలుపెట్టారు. ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు, యూరోపియన్ యూనియన్ డబ్బు పెట్టాయి. ముక్కలు ముక్కలుగా మెరిల్లె, మర్సబిట్, తుర్బి దాటి మొయాలే చేరేసరికి దాదాపు పదేళ్లు. అంత ఎందుకంటారా? రోడ్డంటే పైన కనిపించే నల్ల పొర కాదు. కింద మట్టి, కంకర పొరలు పొరలుగా వేసి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించాలి. ఒంటెల నీళ్లకే మైళ్లు నడిచే చోట ఆ నీళ్లెక్కడివి? పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు పొడిగా ఉండే వాగులు, అక్కడివాళ్లు లగ్గాలంటారు, ఒక్క వానకి ఉరికొస్తాయి. వాటన్నిటికీ తూములు, వంతెనలు కట్టాలి.

2018లో నానమ్మని తీసుకుని వెళ్లాను. సాయంత్రం నైరోబీలో బస్సెక్కితే తెల్లారేసరికి మొయాలే. నానమ్మ మర్సబిట్ రాకముందే నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒక్క కుదుపైనా వస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. ఏదో మోసం జరిగినట్టు అనిపించింది, నవ్వకండి.

దేశాలు దాటి పోయే యాత్రికులకు కూడా అలాగే అనిపించిందిట. కైరో నుంచి కేప్‌టౌన్ దాకా సుమారు 10,000 కిలోమీటర్ల దారిలో అప్పట్లో అందరూ భయపడే ముక్క ఇదే. దీన్ని దాటామంటే ఒక పతకం వచ్చినట్టు. ఇప్పుడు మామూలు కారు పోతుంది, సైకిలు పోతుంది. ఆ పతకం విలువ పోయిందని కొందరు నొచ్చుకుంటారు. ఇంకా కష్టం కావాలనుకునేవాళ్లు పడమటికి, తుర్కానా సరస్సు ఒడ్డు దారికి మళ్లుతారు. అక్కడ పెట్రోలు క్యాన్లలో మోసుకుపోవాలి.

వాళ్ల బెంగ నాకు అర్థమవుతుంది గానీ పెద్దగా జాలి వేయదు. యాత్రికుడు ఆ దారిన ఒక్కసారి పోతాడు. మర్సబిట్‌లో కాన్పు కష్టమైన ఆడమనిషికి అదే దారి. ఆ ఉత్తరాదివాళ్లు నైరోబీకి బయల్దేరేటప్పుడు "కెన్యాకి వెళ్తున్నాం" అనేవారు, తాముండేది కెన్యా కానట్టు. రోడ్డు లేకపోవడం అంటే అది.

అయినా తారుతో పోయిందీ ఉంది. కమాన్ కట్ట విరిగిన రాత్రి గబ్రా అనే తెగకు చెందిన ఒక కుటుంబం మాకు ఒంటె పాల టీ ఇచ్చింది. మాటలు కలవలేదు, టీ మాత్రం మూడుసార్లు పోశారు. బస్సులో పోతూ వాళ్ల గుడిసె ఎక్కడుండేదో కూడా పోల్చుకోలేకపోయాను. కొత్త ప్రమాదమూ వచ్చింది. తిన్నని రోడ్డు, ఎండ, కునుకు. ఉన్నట్టుండి ఎదురుగా ఒంటె. దాని కాళ్లు పొడుగు కాబట్టి కారు గుద్దితే కాళ్లే విరుగుతాయి, ఒళ్లంతా వచ్చి అద్దం మీద పడుతుంది. గాలి సంగతి సరేసరి. మర్సబిట్‌కి పడమరగా, తుర్కానా సరస్సు దగ్గర 365 గాలిమరలు పెట్టారంటే ఎంత గాలో చూసుకోండి. ఎదురుగాలిలో సైకిలు తొక్కేవాడికి తారు ఏ సాయమూ చేయదు.

మొయాలేలో ఒక తమాషా. కెన్యాలో మనలాగే ఎడమ పక్క నడుపుతారు, ఇథియోపియాలో కుడి పక్క. సరిహద్దు దాటిన బండి రోడ్డు మారకుండానే పక్క మారాలి. ఆ వీడియోలో ఆయన అక్కడ తడబడ్డాడో లేదో చూసి చెప్పండి.

ఇంకొకటి కూడా చూడండి. మేం తిరిగొచ్చింది పగటి బండిలో. మర్సబిట్‌కి ఇవతల, కిటికీలోంచి, రోడ్డుకి కాస్త ఎడంగా నల్లరాళ్ల మధ్య ఒక పాలిపోయిన చార కనిపించింది. కాసేపు మాతోపాటే వచ్చింది, ఒక లగ్గాలోకి దిగింది, మళ్లీ ఎక్కింది. అదే పాత దారి. నానమ్మని లేపి చూపించేలోపు వెనకబడిపోయింది. దాని మీద ఒంటెలు వరసగా నడిచిపోతున్నాయి.

మీ
తాతయ్య