కిటుకంతా సెకండ్ పుల్‌లోనే

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ఎన్‌సీసీ చేసినవాళ్ళకు .22 రైఫిల్ (గొట్టం వ్యాసం సుమారు 0.22 అంగుళం) కొత్తేమీ కాదు. ఫైరింగ్ రోజున నేలమీద బోర్లా పడుకుని, బట్ (రైఫిల్ వెనక చివర) భుజానికి ఆనించి వేలు పెడితే ట్రిగ్గర్ మొదట వదులుగా వెనక్కి వస్తుంది. అది ఫస్ట్ పుల్. ఆ తర్వాత ఏదో అడ్డం తగిలినట్టు ఆగుతుంది. అక్కడి నుంచి సెకండ్ పుల్. కుదిరిన గురి చెడిపోయేది ఎక్కువగా ఈ రెండోదాని దగ్గరే.

ఎంత చెడుతుందో లెక్క వేసి చూద్దాం. 50 మీటర్ల రైఫిల్ పోటీలో 10 పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, గుండు వ్యాసం సుమారు 5.6. గుండు అంచు గీతను తాకినా 10 ఇస్తారు కాబట్టి, మధ్య నుంచి 8 మి.మీ. దాకా పక్కకు పోయినా ఫరవాలేదు. రైఫిల్ ముందు, వెనక సైట్ల (గురి చూసే అమరికల) మధ్య 75 సెం.మీ. దూరం ఉందనుకుందాం. వేలు బిగించే క్షణంలో ముందు సైట్ 0.15 మి.మీ. పక్కకు జరిగితే టార్గెట్ దగ్గర అది 10 మి.మీ. అవుతుంది. 10 కాస్తా 9 అయిపోతుంది. ఆ 0.15 మి.మీ. అంటే రెండు తలవెంట్రుకల మందం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్‌లో (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) కంచు పతకం గెలిచింది ఇలాంటి లెక్కల మధ్యే.

ట్రిగ్గర్ లోపల ఏముంటుంది? తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్‌ను ముందుకు తోసే స్ప్రింగ్ బిగిసి ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది సియర్ అనే చిన్న ఉక్కు ముక్క అంచు. రెండు అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉండే మేర చాలా తక్కువ, చాలా రైఫిళ్ళలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ట్రిగ్గర్ నొక్కడమంటే ఒక అంచును రెండోదాని మీద నుంచి జార్చడమే. ఆ జారేటప్పటి రాపిడి, దానికి తోడు ట్రిగ్గర్‌ను తిరిగి మొదటి చోటికి తెచ్చే చిన్న రిటర్న్ స్ప్రింగ్ బలం, రెండూ కలిసి వేలికి బరువుగా తెలుస్తాయి. జారాల్సిన దూరం ఎక్కువైతే ట్రిగ్గర్ ఈడ్చుకుంటూ వస్తుంది. అంచులు గరుకుగా ఉంటే గరగరమంటుంది. ఎప్పుడు వదులుతుందో అంతుపట్టదు.

.22లో ఇంకో చిక్కు ఉంది. 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్ తూటాలో నిప్పు రాజేసే మందు అడుగు అంచు చుట్టూ, రేకు మడతలో ఉంటుంది. పిన్ ఆ ఇత్తడి అంచును నలగ్గొడితేనే పేలుతుంది. అందుకు స్ప్రింగ్ గట్టిగా ఉండాలి. ఆ బలమంతా వచ్చి సియర్ మీద పడుతుంది, రాపిడి పెరుగుతుంది. పోటీ రైఫిళ్ళలో మధ్యలో ఒకటి రెండు మీటలు పెట్టి ఈ బలాన్ని అంచెలంచెలుగా తగ్గిస్తారు. అందుకే వాటి ట్రిగ్గర్ వంద గ్రాముల దగ్గర కూడా నమ్మకంగా పనిచేస్తుంది. మామూలు .22లో రెండు మూడు కిలోలు ఉండటం మామూలే. ఒక్కోసారి రైఫిల్ బరువు కూడా అంతే ఉంటుంది! రైఫిల్‌ను ఎత్తగలిగినంత బలంతో వేలు లాగుతుంటే సైట్ కదలకుండా ఎలా ఉంటుంది?

మరి బాగుచేయడం ఎలా? చాలామంది మర్చిపోయేది, శుభ్రం చేయడం. .22 గుండ్లకు మైనం లాంటి పూత ఉంటుంది. ఆ జిడ్డు, మందు మసి, ఎప్పుడో పోసిన చిక్కటి ఆయిల్, మన కృష్ణా తీరపు ఉక్కపోతకు అంటుకునే దుమ్ము, అన్నీ సియర్ దగ్గర పేరుకుంటాయి. కడిగి, పల్చటి ఆయిల్ ఒక్క చుక్క వేస్తే ట్రిగ్గర్ గరగర తగ్గిన సందర్భాలు బోలెడు. సర్దుబాటు స్క్రూలు ఉన్న రైఫిలైతే సియర్ వదిలాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా అడ్డు పెట్టుకోవచ్చు. ఇది చిన్న మార్పే గానీ వేలి తోపుడు చివర్లో సైట్‌ను కుదపకుండా కాపాడుతుంది. రిటర్న్ స్ప్రింగ్ మార్చడం, మొత్తం ట్రిగ్గర్ సెట్టే కొత్తది వేయించడం ఆ తర్వాతి మాట. ఫైరింగ్ పిన్ స్ప్రింగ్‌ను మాత్రం కత్తిరించకూడదు. దెబ్బ బలం తగ్గి తూటాలు పేలకుండా మొరాయిస్తాయి.

సియర్‌ను ఆకురాయితో రుద్దే పని ఇంకా ప్రమాదం. బెజవాడ ఆటోనగర్‌లో కాని పని లేదని మనవాళ్ళకు గట్టి నమ్మకం. అయితే గేర్ల పళ్ళకు కేస్ హార్డెనింగ్ ఎందుకు చేస్తారో అక్కడి మెకానిక్‌లకే బాగా తెలుసు. చాలా సియర్లకూ గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అది అరిగితే లోపలి మెత్తటి ఉక్కు త్వరగా నలుగుతుంది, కోణం మారిపోతుంది. ఒకరోజు బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) గట్టిగా మూసినా, బట్ నేలకు తగిలినా దానంతటదే పేలుతుంది. ఆయుధాల చట్టం తుపాకీల రిపేరు వ్యాపారానికి కూడా లైసెన్సు అడిగేది ఊరికే కాదు. ఇది నిపుణుడైన, లైసెన్సున్న గన్‌స్మిత్‌కే వదిలేయాలి.

ఎంత బాగుచేయించినా మిగిలేది వేలే. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన కాంపౌండ్ విల్లులోనూ తాడును వేళ్ళతో వదలరు, రిలీజ్ అనే పరికరంతో వదులుతారు. అక్కడా జబ్బు ఒకటే: ‘ఇప్పుడు వదులుతుంది’ అని ముందే తెలిస్తే ఒళ్ళు ముందే బిగుసుకుంటుంది. దీన్ని పట్టుకోవడానికి రైఫిల్ కోచ్‌లు అసలు తూటాల మధ్య ఒక డమ్మీని (పేలని ఉత్తుత్తి తూటాను) కలిపేస్తారు. డమ్మీ వచ్చినప్పుడు రైఫిల్ మూతి కిందికి వంగిందంటే లోపం ట్రిగ్గర్‌ది కాదన్నమాట.

ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో వేలి సాధన చేసేవాళ్ళు తూటాల్ని వేరే గదిలో పెట్టి, చాంబర్‌ను (తూటా కూర్చునే గొట్టం వెనక భాగాన్ని) రెండుసార్లు చూసుకోవాలి. .22లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. లోపల ఏమీ లేకపోతే కొన్ని రైఫిళ్ళలో పిన్ నేరుగా చాంబర్ అంచుకే తగిలి అక్కడ గాటు పడుతుంది. అందుకని కాల్చేసిన ఖాళీ కేసు గానీ, ప్లాస్టిక్ డమ్మీ గానీ వేసి, ప్రతిసారీ కాస్త తిప్పుతూ నొక్కాలి.