గొలుసు కట్టిన కుర్చీ

నల్లగొండ

చిరంజీవులకు మీ తాతయ్య ఆశీస్సులు.

పోయినసారి ఫోనులో మాట్లాడినప్పుడు మీలో చిన్నది, "రాసినాయన పుస్తకం చదివితే చాలదా తాతా, ఇల్లు కూడా చూడాల్నా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు ఫోనులో చెప్పేంత చిన్నది కాదు కనుక కాగితం ముందేసుకున్నాను.

నేను చూసి వచ్చింది విక్టర్ హ్యూగో అనే ఫ్రెంచి రచయిత ఇల్లు. ఆయన పేరు మీకు కొత్త కావచ్చు గాని, రొట్టె దొంగిలించిన పాపానికి పంతొమ్మిదేళ్ళు ఖైదులో మగ్గినవాడి కథ మన ఇంట్లో పాతదే. ఆ కథ ఆధారంగా తీసిన 'బీదల పాట్లు' 1950లో వచ్చింది. అందులో నాగయ్య గారిని చూసి కళ్ళు తుడుచుకున్న సంగతి మా అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఆయన ఫ్రెంచివాడే అయినా ఇల్లు ఉన్నది ఫ్రాన్సులో కాదు, గర్న్సీ అనే చిన్న దీవిలో. ఇంగ్లండు కంటే ఫ్రాన్సుకే దగ్గరగా ఉన్నా ఆ దీవి బ్రిటిష్ రాజరికం కిందిది. మీ మేనత్త ఇంగ్లండులో ఉండబట్టి నాకు ఆ ప్రయాణం కలిసివచ్చింది.

ఆయన అక్కడికి ఎందుకు చేరాడో ముందు తెలుసుకోండి. హ్యూగో పుట్టుకతో తిరుగుబాటుదారు కాడు. యౌవనంలో రాజును పొగుడుతూ పద్యాలు రాశాడు, 1845లో రాజు చేతనే ప్రభువుల సభలో స్థానం పొందాడు, 1848 ఎన్నికలో దేశాధ్యక్ష పదవికి నిలబడిన లూయీ నెపోలియన్‌ను సమర్థించాడు కూడా. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. పొరపాటు తెలిసిన తర్వాత మాట మార్చుకోవడానికి ఆయన సిగ్గుపడలేదు. బీదరికం గురించి, మరణశిక్ష గురించి శాసనసభలోనే గట్టిగా మాట్లాడాడు. మరణశిక్షకు వ్యతిరేకంగా రాసినందుకు 1851లో ఆయన కొడుకు ఒకడు జైలుకు పోయాడు. ఆ ఏడాది డిసెంబరు 2న లూయీ నెపోలియన్ సైన్యాన్ని దింపి అధికారమంతా తన గుప్పిట్లో పెట్టుకున్నప్పుడు, ఎదురు తిరిగిన హ్యూగో మారుపేరుతో బ్రస్సెల్స్‌కు తప్పించుకున్నాడు. అక్కడినుంచి జెర్సీ దీవికి పోతే 1855లో వాళ్ళూ వెళ్ళగొట్టారు. చివరకు గర్న్సీలో, 1856లో, తన కవితల పుస్తకం మీద వచ్చిన డబ్బుతో ఈ ఇల్లు కొన్నాడు. అంత పేరున్న మనిషికి జీవితంలో మొదటి సొంత ఇల్లు అదే.

బయటినుంచి చూస్తే వీధిలోని మిగతా ఇళ్ళలాగే ఉంటుంది. లోపలికి అడుగుపెడితే మాత్రం చీకటి. గోడలకు సున్నం కనిపించదు. దీవి అంతా తిరిగి కొన్న పాత చెక్క పెట్టెలను విప్పించి, ఆ చెక్కిన పలకలను తన ఇష్టం వచ్చినట్టు కలిపి గోడలకు, తలుపులకు, పొయ్యిగూళ్ళకు బిగింపజేశాడు. నిజం చెప్పాలంటే నాకు కొంత ఊపిరాడనట్టు అనిపించింది. కొన్ని గదులు మరీ ఆడంబరం.

నేను ఎక్కువసేపు నిలబడింది భోజనాల గదిలో. అక్కడ ఒక పెద్ద చెక్క కుర్చీ ఉంది, దానికి అడ్డంగా గొలుసు. ఎవరూ కూర్చోరాదు. అది ఇంట్లో గతించినవారి కుర్చీ. దాని మీద లాటిన్‌లో, లేనివారు ఇక్కడే ఉన్నారు అనే అర్థం వచ్చే మాట చెక్కించాడు.

ఆ కుర్చీ ముందు నాకు మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. రజాకార్ల రోజుల్లో మా నాయన కోదాడ దాటి సరిహద్దు శిబిరానికి వెళ్ళిపోయాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసి ఆయన తిరిగి వచ్చేదాకా, ప్రతి రాత్రీ అందరి కంచాలతో పాటు ఆయన కంచం కూడా కడిగి పీట ముందు పెట్టేదట మా నాయనమ్మ. ఆమెకు లాటిన్ మాట అటుంచి తెలుగు అక్షరాలే రావు.

అంతస్తులు ఎక్కేకొద్దీ ఇంట్లో వెలుతురు పెరుగుతుంది. అన్నిటికంటే పైన, కప్పు మీద, గోడలు పైకప్పు అద్దాలతో కట్టించుకున్న గది ఉంది. ఎదురుగా సముద్రం, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఆవల ఫ్రాన్సు తీరం. హ్యూగో అక్కడ నిలబడే రాసేవాడు. 1845లో మొదలుపెట్టి మధ్యలో ఆపిన ఆ బీదవాడి కథను 1860లో పెట్టెలోంచి తీసి, ఈ ఇంట్లో పెంచి, దిద్ది, 1862లో అచ్చు వేయించాడు. అదే ఏడాది నుంచి వారానికొకసారి దీవిలోని బీద పిల్లలను ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు.

అయితే ఆ ఒంటరితనం ఆయన ఒక్కడిదే కాదు. రాసేవాడికి సముద్రం తోడు. పని లేని భార్యాపిల్లలకు ఆ దీవి విసుగు పుట్టించింది, ఒక్కొక్కరే వెళ్ళిపోసాగారు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి.

అప్పటికి చక్రవర్తి అయిన లూయీ నెపోలియన్ 1859లో అందరికీ క్షమాభిక్ష ప్రకటించాడు. ఓడ ఎక్కితే చాలు, పారిస్. స్వేచ్ఛ తిరిగి వచ్చినప్పుడే నేనూ తిరిగి వస్తానని చెప్పి హ్యూగో కదలలేదు. ఆ గాజుగదిలో నిలబడి, ఎదుటి తీరం చూస్తూ ఇంకో పదకొండేళ్ళు ఉండడం ఎంత కష్టమో పుస్తకంలో చదివినప్పుడు నాకు తెలియలేదు, ఆ కిటికీ దగ్గర తెలిసింది. చిన్నదాని ప్రశ్నకు నా జవాబు ఇంతే. చక్రవర్తి కూలిన మరునాడు, 1870 సెప్టెంబరు 5న, ఆయన పారిస్‌లో దిగాడు. ఆయన వారసులు 1927లో ఈ ఇంటిని పారిస్ నగరానికి ఇచ్చారు. ఇప్పటికీ ఆ నగరం వాళ్ళే దాన్ని కాపాడుతున్నారు.

దసరాకు వచ్చినప్పుడు అటక మీది రేకుపెట్టె దించుదాం. మా నాయన శిబిరం నుంచి తెచ్చిన కాగితాలు, ఆ కంచం అందులోనే ఉండాలి. నిచ్చెన ఎక్కడం ఇప్పుడు నాకు చేతకాదు, పెద్దవాడు ఎక్కాలి.

మీ తాతయ్య