ఒకే సీసా వైన్, వేర్వేరు వాసనలు

వైన్ రుచి గురించి మనం చెప్పుకొనే మాటల్లో చాలా వరకు వాసనకు సంబంధించినవే. నాలుక తనంతట తాను గుర్తించగలిగినవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగులు, మాంసం పులుసుల్లో తెలిసే కమ్మదనం) అనే అయిదు రుచులు మాత్రమే. మిరియాలు, జామపండు, గులాబీ, వెన్న అంటూ పేరు పెట్టి చెప్పేదంతా ముక్కు చేసే పని. గ్లాసును మూతి దగ్గరకు తెచ్చుకున్నప్పుడు ఒకసారి, గుటక వేసిన తరువాత నోట్లో వెచ్చబడిన ఆవిరి గొంతు వెనుక దారిన పైకి పోయినప్పుడు మరోసారి, వాసన అణువులు ముక్కు పైభాగంలోని పొరను చేరుతాయి. అక్కడ మనిషికి వాసన అణువులను పట్టే దాదాపు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి. వాటిని తయారు చేసే జన్యువుల కుటుంబాన్ని శాస్త్రవేత్తలు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్ 1991లో కనుగొన్నారు. ఘ్రాణశక్తిపై చేసిన కృషికి 2004లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ఒక్కొక్క అణువు కొన్ని గ్రాహకాలను ఒకేసారి కదిలిస్తుంది. ఆ కలయికను మెదడు పాత జ్ఞాపకాలతో సరిపోల్చి ఒక పేరు పెడుతుంది. ఆ జన్యువులూ అందరిలో ఒకేలా ఉండవు, ఆ జ్ఞాపకాలూ ఒకేలా ఉండవు.

బెంగళూరులో స్థిరపడిన తెలుగు మిత్రులు వారాంతంలో ఎవరో ఒకరి ఇంట్లో కలిసి, తమకు నచ్చిన సీసాలను తెచ్చి పంచుకోవడం ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు. ఊరికి ఉత్తరాన నంది కొండల పాదాన, దొడ్డబళ్లాపుర పరిసరాల్లో వైన్ ద్రాక్ష తోటలు ఉండడంతో ఆ ఆసక్తి మరింత పెరిగింది. అలాంటి చోట సావిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్షతో చేసిన ఒక తెల్ల వైన్ సీసా తెరిస్తే ఒకరు జామపండు అంటారు, ఇంకొకరు పచ్చి క్యాప్సికం అంటారు, మూడో వ్యక్తి తనకు పులుపు తప్ప ఏమీ తెలియడం లేదంటారు. వీరిలో ఒకరే సరైనవారని తేల్చాలని చూడడం పొరపాటు. ముగ్గురూ ఉన్నదే చెబుతున్నారని, ముగ్గురి మాటలూ కలిస్తేనే ఆ వైన్ గురించి కొంత పూర్తిగా తెలుస్తుందని నా అభిప్రాయం.

జామపండు అన్నవారి మాటనే చూద్దాం. సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షలో వాసన లేని కొన్ని గంధక సమ్మేళనాలు ఉంటాయి. పులిసే సమయంలో ఈస్ట్ వాటిని విడగొట్టి థయోల్స్ అనే సుగంధ అణువులను బయటికి తెస్తుంది. అవే అణువులు జామపండులోనూ, ప్యాషన్ ఫ్రూట్‌లోనూ ఉన్నాయి. పచ్చి క్యాప్సికం వాసన మిథాక్సీపైరజీన్ అనే సమ్మేళనానిది. లీటరు నీటిలో దాదాపు 2 నానోగ్రాములు, అంటే గ్రాములో వంద కోట్లవ వంతుకు రెండింతలు ఉన్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. ద్రాక్ష పండేకొద్దీ, గుత్తులకు ఎండ తగిలేకొద్దీ అది తగ్గిపోతుంది కనుక, ఆ వాసన బలంగా ఉందన్న మాట తోటలో కోత ఎప్పుడు జరిగిందన్న దానికి కూడా ఒక ఆనవాలు. మస్కట్ ద్రాక్ష వైన్‌లో ధనియాల వాసన వస్తోందని ఎవరైనా అంటే దాన్ని కవిత్వమని కొట్టిపారేయకూడదు: ఆ ద్రాక్ష పరిమళంలో ముఖ్యమైన లినలూల్ అనే అణువే ధనియాల నూనెలోనూ అధిక భాగం. షార్డొనే ద్రాక్షతో చేసిన కొన్ని తెల్ల వైన్లలో వచ్చే వెన్న వాసన కూడా అంతే. లాక్టిక్ బ్యాక్టీరియా తయారు చేసే డయాసిటైల్ అనే అణువు వెన్నలోనూ ఉంటుంది.

కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్, ఆమె సహచరులు 1980లలో వైన్ వాసనల పేర్లను వర్గాలుగా అమర్చిన చక్రాన్ని రూపొందించినప్పుడు కోరింది ఇదే. సొగసైనది, గంభీరమైనది వంటి మెప్పు మాటలకు బదులు, ఎదుటివారు కూడా తెచ్చి వాసన చూడగలిగే వస్తువు పేరు చెప్పాలి. ఆ చక్రంలోని పేర్లు అక్కడి వంటిళ్లవి. ఐరోపాలో పెరిగే బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్ల పండును ఎన్నడూ తినని వ్యక్తి పుస్తకంలో చదివి ఆ మాట రాస్తే వినేవారికి ఏమీ చేరదు. తన ఇంటి పోపులపెట్టెలోని వస్తువు పేరు రాస్తే చేరుతుంది.

అయితే ఒకే అణువుకు అందరూ ఒకే విలువ ఇవ్వరు. బెంగళూరు బ్లూ ద్రాక్ష తిని పెరిగినవారికి దాని గాఢమైన వాసనే అసలైన ద్రాక్ష వాసన. అమెరికా మూలపు లాబ్రుస్కా జాతితో సంబంధమున్న ద్రాక్షలకు అటువంటి వాసననిచ్చే సమ్మేళనాల్లో మిథైల్ ఆంత్రనిలేట్ ముఖ్యమైనది. ఐరోపా సంప్రదాయంలో శిక్షణ పొందినవారు వైన్‌లో దాన్ని లోపంగా లెక్కిస్తారు. అణువును రసాయనశాస్త్రం చూపగలదు గానీ, అది మంచిదా కాదా అన్నది జ్ఞాపకం తేలుస్తుంది.

ఇక జన్యువుల సంగతి. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియాల ఘాటుకు కారణం రొటండోన్ అనే అణువని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. మిరియాల్లో ఉన్నదీ అదే. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో సుమారు 20 శాతం మంది, నీటిలో ఎంతో ఎక్కువ మోతాదులో కలిపినా దాన్ని గుర్తించలేకపోయారు. అంటే షిరాజ్ చుట్టూ అయిదుగురు కూర్చుంటే, ఒకరికి ఆ మిరియాలు అసలు లేనట్టే అయ్యే అవకాశం ఉంది. ఆ వ్యక్తి శ్రద్ధలో లోపం లేదు, మిగిలినవారు ఊహించుకోవడమూ లేదు. ఇద్దరు తమ అనుభవాలను పక్కపక్కన పెట్టి చూసుకోకపోతే, తన ముక్కు ఏమి వదిలేస్తోందో ఎవరికీ తెలిసే మార్గమే లేదు. పంచుకోవడం విలువైనదని నేను అనేది ప్రధానంగా ఈ కారణంగానే.

పంచుకోవడంలో ఒక ప్రమాదం కూడా ఉంది. 2001లో ప్రచురితమైన, ఫ్రాన్స్‌లోని బోర్డోలో జరిగిన అధ్యయనంలో 54 మంది వైన్ విద్యార్థులకు తెల్ల వైన్‌లోనే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వారు దాన్ని ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే వర్ణించారు. 2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఒకే వైన్‌ను రెండు వేర్వేరు ధరలు చెప్పి తాగించగా, ఎక్కువ ధర చెప్పినప్పుడు అది ఎక్కువ నచ్చిందన్నారు. ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగంలోనూ చలనం పెరిగింది. రంగు, ధరే ఇంత చేస్తే, గౌరవించే మిత్రుడి నోటి మాట ఎంత చేస్తుందో ఊహించవచ్చు. అందుకే సీసాకు కాగితం చుట్టి, ఎవరికి తోచింది వారు ముందుగా మౌనంగా రాసుకుని, తరువాతే చదివి వినిపించుకోవాలి. రాసేటప్పుడు వాసనల పట్టికను పెంచనక్కర్లేదు: కలగలిసిన వాసనల్లో మూడు నాలుగింటిని మించి విడిగా గుర్తించడం శిక్షణ ఉన్నవారికీ కష్టమని ప్రయోగాలు చూపాయి. పది పండ్ల పేర్లున్న వర్ణన కంటే రెండే ఉన్నదాన్ని నేను ఎక్కువగా నమ్ముతాను.

ఎర్ర వైన్‌లోని వగరు మాత్రం వాసనా కాదు, నాలుక పట్టే అయిదు రుచుల్లోనిదీ కాదు. ద్రాక్ష తొక్కలు, గింజల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి గడ్డకట్టిస్తాయి, దానితో నోటిలోని జారుడుతనం పోయి గరుకుగా, పొడిగా అనిపిస్తుంది. చల్లదనం ఈ వగరును పెంచుతుంది, వెచ్చదనం ఆల్కహాల్ ఆవిరిని ముందుకు తెస్తుంది. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న సలహా చల్లని దేశాల గదులకు తగినది. దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో కూడా ఏప్రిల్ మధ్యాహ్నాలు 30 డిగ్రీలు దాటుతాయి కాబట్టి, సీసాను కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి 16–18 డిగ్రీలకు తేవడం మంచిది.

తెలుగువారి విందులో మరొక అంశం కలుస్తుంది. మిరపలోని క్యాప్సైసిన్, నోటిలో వేడిని గుర్తించే గ్రాహకాన్నే ప్రేరేపిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందించే ఆ గ్రాహకం, ఆల్కహాల్ సమక్షంలో 34 డిగ్రీల దగ్గరే స్పందించగలదని ప్రయోగాలు తేల్చాయి. నోటి సహజ ఉష్ణోగ్రతే అంతకంటే ఎక్కువ. కోడి వేపుడు తిన్న నోటితో 14 శాతం ఆల్కహాల్ ఉన్న ఎర్ర వైన్ తాగితే, మంటకు మంట తోడవుతుంది, వగరు ఇంకా కరకుగా తోస్తుంది, పండ్ల పరిమళం వెనక్కి పోతుంది. అప్పుడు రాసినది వైన్‌తో పాటు ఆ వేపుడుకు సంబంధించిన అభిప్రాయం కూడా. వంటకాలు బల్ల మీదికి రాకముందే మొదటి అభిప్రాయాన్ని రాసుకుని, భోజనంతో పాటు కలిగినదాన్ని వంటకం పేరుతో సహా దాని కింద విడిగా రాస్తే, రెండూ తరువాత తాగేవారికి పనికొస్తాయి.