‘వచ్చే కాలేజీ’ని ముందు పెట్టకండి: ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లపై అపోహలు - వాస్తవాలు

తెలంగాణలో ఇంజినీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసినవారికి ర్యాంకుల ప్రకారం సీట్లు కేటాయించే కౌన్సెలింగ్ జరిగే రోజుల్లో హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్ల పరిశీలనకు కూర్చునే అధ్యాపకుల్లో నేనొకడిని. మార్కుల మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు సరిచూసి సంతకం చేయడం వరకే నా పని. అయితే సంతకం పూర్తయ్యాక కుర్చీలోంచి లేవబోతూ తల్లో తండ్రో గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఏటా ఒకటే: “సార్, మా పాప ర్యాంకుకు వచ్చే కాలేజీనే మొదటి ఆప్షన్‌గా పెట్టాలంటున్నారు, నిజమేనా?” నిజం కాదు. నా ఎరుకలో ఇంతమంది పిల్లలకు ఇంత నష్టం చేసిన మాట మరొకటి లేదు కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను.

కోరుకున్న కాలేజీ, బ్రాంచిల జాబితాను వరుస నంబర్లతో ఆన్‌లైన్‌లో ఇవ్వడమే వెబ్ ఆప్షన్లు. వాటిపై అపోహ ఇలా సాగుతుంది. మంచి కాలేజీని ఒకటో ఆప్షన్‌గా పెట్టి, అందే కాలేజీని నలభయ్యో స్థానంలో పెడితే, ఆ రెండో కాలేజీని ఒకటో ఆప్షన్‌గా పెట్టుకున్నవాళ్లు దాన్ని ముందే తీసుకుపోతారని, మనకు రెండూ దక్కవని భయం. వినడానికి సబబుగా ఉండే మాటే. అందుకే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతున్నారు. కానీ సీట్లు కేటాయించే సాఫ్ట్‌వేర్ అందరి మొదటి ఆప్షన్లను ఒక గుట్టగా, రెండో ఆప్షన్లను మరొక గుట్టగా తీసుకోదు. అది ర్యాంకుల వరుసలో ఒక్కొక్క అభ్యర్థినే తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాను ఒకటో నంబరు నుంచి చదువుతూ, ఎక్కడ సీటు ఖాళీగా కనిపిస్తే అక్కడ మిమ్మల్ని ఉంచి, ఆ తరువాతే తదుపరి ర్యాంకు జోలికి వెళ్తుంది. 15,000 ర్యాంకు వచ్చిన మీరు ఒక కాలేజీని అరవయ్యో స్థానంలో పెట్టారనీ, 20,000 ర్యాంకు వచ్చిన మరొకరు అదే కాలేజీని మొదటి స్థానంలో పెట్టారనీ అనుకోండి. ఇద్దరిదీ ఒకే కేటగిరీ అయితే, మీ పై యాభై తొమ్మిది ఆప్షన్లూ నిండిపోయిన పక్షంలో ఆ సీటు మీదే. రెండో వ్యక్తి జాబితాను అప్పటికి సాఫ్ట్‌వేర్ తెరవనే లేదు. కేటగిరీ, బాలికల కోటా, స్థానికత వంటివి చేరినప్పుడు లెక్క చిక్కుపడుతుంది గాని ఈ సూత్రం మాత్రం మారదు.

ఉమ్మడి రాష్ట్రంలో వెబ్ విధానం రాకముందు కౌన్సెలింగ్‌కు స్వయంగా వెళ్లినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. ర్యాంకు పిలిచినప్పుడు లోపలికి వెళ్లి, మిగిలిన సీట్లను తెర మీద చూసి, వాటిలో తమకు అన్నిటికన్నా నచ్చినదాన్ని కోరుకునేవారు. వెబ్ ఆప్షన్ల జాబితా అంటే ఆ హాల్లో మీరు చెప్పబోయే సమాధానాన్ని ముందుగానే రాసిపెట్టడం. మంచి సీటు ఖాళీగా కనిపిస్తున్నా “ఇది నా ర్యాంకుకు రాదులెండి, ఆ పక్కది ఇవ్వండి” అని ఆ హాల్లో అన్నవారు ఉండరు కదా. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం వేల కుటుంబాలు సరిగ్గా అదే మాట రాసి పంపుతున్నాయి.

ఇంత ధీమాగా చెబుతున్న నేను కూడా డ్యూటీ పడిన తొలి ఏడాది ఈ పుకారునే నమ్మి, ఒక అమ్మాయికి అదే సలహా ఇచ్చాను. ఆమె కోరుకున్న కాలేజీ నాలుగో స్థానానికి జారి, ‘ఖాయంగా వచ్చే’ కాలేజీ మొదటి స్థానానికి ఎక్కింది. మొదటి ఆప్షనే దక్కింది. ఆమె కంటే వెనక ర్యాంకు ఉన్న స్నేహితురాలికి, అదే కేటగిరీలో, అదే బ్రాంచిలో, ఈమె కోరుకున్న కాలేజీ వచ్చింది. మరునాడు ఆ తండ్రి కేంద్రానికి వచ్చి నిలదీయలేదు, “ఇప్పుడేమైనా మార్చుకోవచ్చా సార్” అని మాత్రం అడిగాడు. కౌన్సెలింగ్ రెండో విడతలో ప్రయత్నించమన్నాను. ఆ విడతలో అక్కడ సీటు మిగలలేదు. కేటాయింపు ఎలా జరుగుతుందో సాంకేతిక విద్యాశాఖలో తెలిసినవారిని అడిగి, కాగితం మీద గీసుకుని నేర్చుకున్నది ఆ తరువాతే.

కాబట్టి ఆప్షన్ల వరుస మీ ఇష్టాన్నే చెప్పాలి, అవకాశాన్ని కాదు. నిరుటి చివరి ర్యాంకుల పట్టికను చూడవద్దని దీని అర్థం కాదు. జాబితా కింది భాగంలో అందుబాటులో ఉండే కాలేజీలు తగినన్ని ఉన్నాయో లేదో తేల్చుకోవడానికి అది పనికొస్తుంది. నిరుడు ఒక కాలేజీలో ఆగిన ర్యాంకు ఈ ఏడాది అర్హత గీత కాదు. సీట్ల సంఖ్యా, పిల్లల మోజూ మారితే అదీ మారుతుంది. ఆప్షన్లు ఎక్కువ పెడితే అవకాశం పలచబడుతుందనేది వట్టి మాట. తక్కువ పెట్టి ఏ సీటూ రాక ఏడ్చినవారిని చూశాను గాని, ఎక్కువ పెట్టి నష్టపోయినవారిని మొదటి విడతలో చూడలేదు. ఒక్కటే షరతు: ‘ఇక్కడ సీటు రావడం కన్నా రాకపోవడమే మేలు’ అనిపించే కాలేజీ దగ్గర జాబితా ఆపేయండి. ఒకే యాజమాన్యం కింద దగ్గర దగ్గర పేర్లతో నాలుగైదు కాలేజీలు ఉంటాయి కనుక పేరును కాక కోడ్‌ను సరిచూసి, ముందు కాగితం మీద రాసుకుని, ఆపైన ఎక్కించండి. 2025లో మాక్ (నమూనా) కేటాయింపు చూపించి ఆప్షన్లు సవరించుకునే వీలు ఇచ్చారు. అది తుది సీటు అనుకుని సంబరపడినవారూ, కుంగిపోయినవారూ ఉన్నారు, రెండూ తొందరపాటే.

మొదటి విడతలో పెట్టకూడని భయాన్ని రెండో విడతలో తప్పక పెట్టుకోవాలి, కానీ జనం అక్కడ నిర్భయంగా ఉంటారు. మొదటి విడతలో వచ్చిన సీటు చేతిలో ఉంచుకుని ‘ఊరికే చూద్దాం’ అని రెండో విడతలో ఆప్షన్లు పెట్టి, వాటిలో ఒకటి వస్తే, పాత సీటు ఆ క్షణానే వేరొకరికి వెళ్లిపోతుంది. తిరిగి అడిగే హక్కు ఉండదు. కంప్యూటర్ సైన్స్ సీటు ఉన్న ఒక కుర్రాడు సరదాగా పెట్టిన ఆప్షన్ వల్ల తనకు ఇష్టం లేని బ్రాంచిలో చేరాల్సి వచ్చింది. ఉన్న సీటు కన్నా నిజంగా మేలనిపించేవి మాత్రమే ఆ విడతలో పెట్టాలి. ఉన్నదానితో తృప్తి ఉంటే అసలు పెట్టనవసరం లేదు.

లాగిన్ వివరాలు, ఓటీపీ కన్సల్టెంట్ల చేతిలో పెట్టేవారి గురించి ఓపిగ్గా రాయడం నాకు కష్టం. ‘లోపల మనవాళ్లున్నారు’ అని చెప్పేవాడు కన్వీనర్ కోటా సీటు, అంటే ఈ కౌన్సెలింగ్ ద్వారా నింపే సీటు, ఇప్పించలేడు, ఎందుకంటే ఆ కేటాయింపు ర్యాంకూ, కేటగిరీ వంటి కోటాలూ, మీ జాబితా తప్ప మరేదీ చూడదు. వాడు చేయగలిగింది మీ జాబితా వరుస మార్చడం మాత్రమే.

ఇక డబ్బు సంగతి. ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, ఏ కాలేజీ అయినా ఖర్చు ఒకటే’ అనుకోవడం చాలా ఇళ్లలో రెండో ఏడాదికి అప్పుగా మారుతోంది. ఆదాయ పరిమితికి లోబడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వర్తించినా, బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనకబడిన తరగతుల) విద్యార్థుల్లో 10,000 లోపు ర్యాంకు లేనివారికి సాధారణంగా 35,000 రూపాయల వరకే ఇచ్చే పద్ధతి నడిచింది. మిగతాది కుటుంబమే కట్టుకోవాలి. కాలేజీ యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అసలు వర్తించదు. ఒకసారి దరఖాస్తు చేస్తే నాలుగేళ్లూ సరిపోతుందనుకోవద్దు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈ-పాస్‌లో ఏటా రెన్యువల్ చేయాలి.

విద్యారుణానికి ఆస్తి తాకట్టు తప్పనిసరి అనే మాట కూడా పాతదే. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం, దానికి తోడుగా ఉన్న కేంద్ర రుణ హామీ నిధి ప్రకారం 7.5 లక్షల రూపాయల వరకు తాకట్టు లేకుండా ఇవ్వవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. చదువు కాలమూ, ఆపై ఒక ఏడాదీ వాయిదాలు ఉండవు కాబట్టి వడ్డీ కూడా ఉండదని కొందరు అనుకుంటారు. ఉంటుంది, మొదటి సొమ్ము విడుదలైన రోజు నుంచే పెరుగుతుంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో చేరినవారికి, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు రుణంపై చదువు కాలానికీ, ఆపై ఏడాదికీ 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

సిలబస్, పరీక్షలు తానే చూసుకునే అటానమస్ కాలేజీ సొంతంగా డిగ్రీ ఇస్తుందనేది పొరపాటు, పట్టా అనుబంధ విశ్వవిద్యాలయానిదే. నాణ్యతకు గుర్తింపునిచ్చే సంస్థల్లో న్యాక్ మొత్తం కాలేజీని, ఎన్‌బీఏ ఒక్కొక్క కోర్సును చూస్తాయి; గేటు మీద ఎన్‌బీఏ అని కనిపిస్తే అది మీ బ్రాంచికి ఉందా అని అడగండి.

చివరిగా, సీటు కేటాయింపు వచ్చింది కనుక సీటు మీదైపోయిందని ఊరుకోవద్దు. గడువులోగా ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి, సీటు తీసుకుంటున్నట్టు తెలిపే సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది దానంతటదే రద్దవుతుంది. గడువు దాటిన మరునాడు డబ్బు సమకూర్చుకుని కేటాయింపు పత్రం చేత పట్టుకుని వచ్చిన ఒక తల్లికి ఈ సంగతి చెప్పవలసి వచ్చింది. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, “తరువాత విడత ఎప్పుడమ్మా, ఆ తారీఖు రాసివ్వండి” అని పక్కనున్న మా మేడమ్‌ను అడిగింది. మేడమ్ తారీఖుతో పాటు ఫీజు కట్టే ఆఖరి రోజును కూడా రాసి, దాని కింద రెండు గీతలు గీసి ఇచ్చింది.