రెక్కల కత్తి కోస్తుందా? గోడ మీది కత్తుల పుట్టుపూర్వోత్తరాలు

గబ్బిలం రెక్కల్లా విచ్చుకున్న అలుగు (పదునుండే ఇనుప భాగం), డ్రాగన్ తల పిడి, నడిమధ్య కన్నాలు. శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఇలాంటి కత్తుల్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు, లేదంటే ఫోన్‌లో బొమ్మ చూపించి ఊళ్లో కమ్మరి చేత చేయించుకుంటున్నారు. ఇవి పనికొస్తాయా, గోడకేనా అన్నది ఎడతెగని వాదన. మా మాట ఇది: వింత ఆకారం ఒక్కటే కత్తిని పాడుచేయదు. పిడి లోపల ఏముంది, లోపలి మూలలు ఎలా తిరిగాయి, ఉక్కును ఎలా కాల్చి చల్లార్చారు అన్నవే తేలుస్తాయి.

నిజానికి వింత ఆకారాలు మనకు కొత్త కావు. కటారు అనే పొడిచే బాకు పిడి అడ్డంగా ఉంటుంది, పిడికిలి బలమంతా మొనకు చేరడానికి. కొన్ని కటార్ల మొన కావాలనే లావుగా ఉంచేవారు, ఇనుప గొలుసు కవచంలో దూరినా విరక్కుండా. అంత దూరం ఎందుకు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కత్తినే చూడండి. తెలియనివాళ్లకు అది కూడా కథల్లో ఆయుధంలాగే కనిపిస్తుంది. కానీ గెల కొసను పలచని పొరగా చెక్కాలి, చెట్టు మీద ఒంటిచేత్తో పని జరగాలి. దాని ఒంపు అందుకే. ఉద్దానంలో బొండాలు కొట్టే కత్తికి ముందు బరువు ఎక్కువ ఉండేదీ దెబ్బ దిగడానికే.

మరి పనికీ ఆకారానికీ చుట్టరికం ఎప్పుడు తెగింది? కత్తి కొనేవాడు మారినప్పుడు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగేనాటికి ఇక్కడ కత్తి, బాకు ప్రాణం నిలిపే పనిముట్లు. 1794లో పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సేనల చేతిలో చనిపోయాడు. 1802లో శాశ్వత శిస్తు ఒప్పందం వచ్చాక జమీందార్ల సొంత సైన్యాలకు కాలం చెల్లింది. 1878 ఆయుధాల చట్టం మిగతావాళ్ల చేతుల్లోని ఆయుధాలకూ అడ్డుపడింది. పోరాడటానికి కత్తి అడిగేవాళ్లు తగ్గిపోయారు. అప్పటికే 1851 లండన్ ప్రదర్శనలో భారతీయ ఆయుధాలు అద్దాల వెనక వింత వస్తువులయ్యాయి. పిడి నొక్కితే అలుగు కత్తెరలా విచ్చుకునే కటార్లు ఆ శతాబ్దంలో చాలా తయారయ్యాయి. పొడవడానికి మామూలు కటారే మేలు. విచ్చుకునే కటారు చూసేవాళ్లను అబ్బురపరచడానికి పనికొచ్చింది. ఇవాళ్టి రెక్కల కత్తికి ముత్తాత అదే అనుకోవచ్చు.

రెండో మలుపు అమెరికాలో వచ్చింది. చేత్తో కత్తులు చేసేవాళ్లు 1970లో నైఫ్‌మేకర్స్ గిల్డ్‌గా కూడారు. 1974లో కత్తులు, డ్రాగన్ల ఊహాలోకంలో సాగే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట వచ్చింది. గిల్ హిబ్బెన్ లాంటి కత్తుల తయారీదారులు సినిమాల కోసం కత్తులు రూపొందించారు. వాటి నకళ్లు ఫ్యాక్టరీల్లో చవకగా వేలకు వేలు తయారయ్యాయి. ఇప్పుడు మన వాకిట్లోకి కొరియర్‌లో వస్తున్నవి ఎక్కువగా ఆ నకళ్ల సంతతే.

వాటిలో సాధారణంగా వాడేది 420 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు. అది చెడ్డదేమీ కాదు. అంత తేలిగ్గా తుప్పు పట్టదు, మెరుగు నిలుస్తుంది. కాకపోతే కార్బన్ తక్కువ కాబట్టి పదును త్వరగా పోతుంది. అసలు లోపం పిడిలో ఉంటుంది. మంచి కత్తిలో అలుగు ఇనుమే వెడల్పు తగ్గకుండా పిడి చివరిదాకా వెళుతుంది. గోడ కత్తుల్లో చాలావాటికి అలుగు మొదట్లో ఒక సన్నని మరకడ్డీ వెల్డింగ్ చేసి, దాని కొసన నట్టు బిగిస్తారు. కట్టె మీద గట్టిగా కొడితే వెల్డింగ్ దగ్గరే తెగి, అలుగు ఎగిరి ఎదుటివాళ్ల మీద పడుతుంది. కొనగానే పిడి పట్టుకుని అలుగును వేలిగోటితో మీటండి. గలగలమంటే దాన్ని గోడకే వదిలేయండి. ఇంకో చిక్కు, లోపలికి వంగిన అంచులను బల్లపరుపు సానరాయి అందుకోలేదు. గుండ్రటి ఆకురాయో, కర్రకు చుట్టిన గరుకు కాగితమో కావాలి.

కమ్మరి చేత చేయించుకుంటే మాత్రం పనికొచ్చే రెక్కల కత్తి సాధ్యమే. సామాన్యంగా దొరికే ఉక్కు లారీ కమాను కట్ట. పాత కట్టలో కంటికి కనపడని పగుళ్లుండొచ్చు. కిరసనాయిలు రాసి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపల దాగిన నూనె కాసేపటికి సన్నటి నల్లగీతగా పైకి తేలుతుంది. ఆ ముక్క వద్దు. వీపు మందం 5 మిల్లీమీటర్లకు సాగగొట్టించండి. రెక్క అలుగుతో కలిసే చోట మూల కోసుగా ఉండకూడదు, కనీసం 3 మిల్లీమీటర్ల గుండ్రం తిరగాలి. కోసు మూలలోనే దెబ్బ ఒత్తిడంతా పోగవుతుంది, పగులు అక్కడే పుడుతుంది.

కొలిమిలో అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి, ఇంకొంచెం వేడెక్కనిచ్చి, సుమారు 840 డిగ్రీల దగ్గర నూనెలో ముంచాలి. నూనె ముందే 50 డిగ్రీలకు గోరువెచ్చగా ఉండాలి. చాలా పనులు చెడేది ఇక్కడే. కొడవలి అలవాటుతో నీళ్లలో ముంచితే కమాను ఉక్కు టప్పున చిట్లుతుంది, అదీ రెక్క మూలలో. ముంచాక ఆకురాయి పట్టకుండా జారితే గట్టిపడినట్టే. అలాగే వదిలేస్తే గాజులా పెళుసు. అందుకే 200 డిగ్రీల్లో రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు కాల్చాలి. రుద్ది మెరిపించిన చోట లేత గడ్డిరంగు వస్తే సరి. నీలిరంగు దాకా వెళ్లిందంటే కొడవలికి చాలినా సన్నని పదును నిలవదు.

అలల గీతలున్న డమాస్కస్ కత్తికి ఎక్కువ ధర అడిగితే ఒక మూల నునుపు కాగితంతో రుద్ది, ఉక్కును కొద్దిగా తినే ఫెర్రిక్ క్లోరైడ్ రసాయనం రాయండి. పొరల ఉక్కయితే గీతలు తిరిగి వస్తాయి. పైపైన ముద్రించినవైతే రావు.

ఏ కత్తికైనా కొలతలు ముందే చూసుకోవాలి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తి ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకు రూపొందించినవాటికి మినహాయింపు ఉంది. కొబ్బరి కత్తికి వర్తించే ఆ మినహాయింపు డ్రాగన్ కత్తికి వర్తిస్తుందని వాదించడం కష్టం. రెక్కలతో కలిపి 2 అంగుళాలు దాటడం చాలా తేలిక కాబట్టి, కమ్మరికి బొమ్మ ఇచ్చేటప్పుడే వెడల్పు కూడా రాసివ్వండి. అది చేతబట్టుకుని జాతరలకు, ఊరేగింపులకు వెళ్లొద్దు.