పట్టేసిన బోల్టులు, కంపెనీ రివెట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: పానాకు పొడుగు పైపు తగిలిస్తే ఎలాంటి బోల్టయినా వదులుతుంది.

వాస్తవం: పైపు పెంచేది మీ బలాన్నే. తుప్పు పట్టు అలాగే ఉంటుంది. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ తుప్పంతా త్రెడ్ల మధ్య చీల దిగ్గొట్టినట్టు బిగుస్తుంది. ముందు విడగొట్టాల్సింది దాన్నే. బయటికి కనిపించే త్రెడ్లను వైరు బ్రష్‌తో గీకి, పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి ఇంకే పలచని నూనె) వేసి, బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు దెబ్బలు వేయండి. రాత్రంతా నాననిచ్చి, తెల్లారి ఇంకోసారి నూనె వేయండి. తిప్పేటప్పుడు మొదట బిగించే వైపు రవ్వంత, తర్వాత వదిలే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి. ఒకే ఊపున తిప్పితే రాలిన తుప్పు పొడి త్రెడ్లలో చేరి మళ్లీ పట్టేస్తుంది. చేతికి మెత్తగా సాగినట్టు అనిపిస్తే అక్కడే ఆపండి. అది వదలడం కాదు, బోల్టు మెలితిరగడం.

సాకెట్ ఆరు మూలలదే వాడాలి. తుప్పుకు అరిగిన తల మీద పన్నెండు మూలలది జారి, తలను గుండ్రం చేసేస్తుంది.

అపోహ: మంట బోల్టుకే పెట్టాలి.

వాస్తవం: వేడి నట్టుకు పెట్టాలి, అదే వ్యాకోచించి వదులవుతుంది. బోల్టును కాలిస్తే అది లావెక్కి అప్పటికి ఇంకా బిగుస్తుంది. ఎర్రగా కాలిన బోల్టు గట్టిదనం కోల్పోతుంది కనుక తిరిగి వాడకండి. రబ్బరు బుష్, బ్రేక్ హోస్, పెట్రోల్ పైపు పక్కనుంటే మంట మాటే వద్దు. నూనె తడి ఉన్నా వద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట మంట పెడితే విషవాయువు ఫోస్జీన్ పుడుతుంది.

అపోహ: బాల్ జాయింట్‌కు (బండి చక్రం దగ్గరుండే గుండు కీలు) కంపెనీ వేసిన రివెట్లు తీయాలంటే కట్టర్ పెట్టి కోసేయాలి.

వాస్తవం: కట్టర్ జారితే కంట్రోల్ ఆర్మ్‌కే (చక్రాన్ని బండి చట్రానికి కలిపే ఇనుప చేయి) గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే తర్వాత పగులు మొదలవుతుంది. రివెట్ తల నడిమధ్య సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, 3 మి.మీ. డ్రిల్లు దింపి, ఆపైన సైజు పెంచుతూ పోవాలి. తల మందం వరకే చాలు. తర్వాత ఉలితో తల ఎగరగొట్టి, మిగిలిన కాడను పంచ్‌తో దిగ్గొట్టాలి. కళ్లద్దాలు తప్పనిసరి. డ్రిల్లు పక్కకు పోయి ఆర్మ్ రంధ్రం పెద్దదైతే రివెట్ బదులు వేసే కొత్త బోల్టు వదులుగా ఆడుతుంది. కొత్త జాయింట్ రివెట్ల బదులు బోల్టులతో వస్తే ఆ బోల్టులే వేయండి, డబ్బాలో దొరికిన మామూలువి కాదు.

అపోహ: బోల్టు విరిగితే ఎక్స్‌ట్రాక్టర్ (విరిగిన ముక్కలో దింపి వెనక్కి తిప్పి తీసే పనిముట్టు) ఉందిగా!

వాస్తవం: అది గట్టి ఉక్కు, కానీ పెళుసు. లోపల విరిగిందా, మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు. ముందు ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్ వాడండి. చాలాసార్లు తొలుస్తుండగానే ముక్క వెనక్కి తిరిగి వచ్చేస్తుంది. కొస కాస్త పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం ఇంకా మేలు, ఆ వేడి కూడా పనికొస్తుంది.