ఒకటిన్నర వోల్టు ఎక్కడ పోయింది?

మా బావ ఓ పాత వ్యానులో వంటగట్టు, మంచం, నీళ్ల పంపు పెట్టించుకున్నాడు. సూర్యలంక వెళ్లినప్పుడు ఇడ్లీల్లోకి పల్లీ పచ్చడి చేద్దామని మిక్సీ వేస్తే, ఇన్వర్టర్ కీమని కూసి ఆగిపోయింది. "బ్యాటరీ పోయిందిరా" అన్నాడు. అందరం మొదట అనే మాటే అది.

కొత్తది కొనేముందు విజయవాడ ఆటోనగర్‌లో ఓ ఎలక్ట్రీషియన్‌కి చూపించాం. మల్టీమీటర్ పెడితే 12.7 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగ్ తీసేశాక కొన్ని గంటలు ఊరికే ఉండి కూడా అంత చూపిస్తే నిండుగా ఉన్నట్టే. 12.0 అయితే పావు వంతు మిగిలినట్టు. కానీ పని లేనప్పటి అంకెను పూర్తిగా నమ్మకూడదు. బలం తగ్గిన బ్యాటరీ కూడా పని చెప్పనంతసేపూ దర్జాగానే కనిపిస్తుంది.

"మిక్సీ వెయ్యండి" అన్నాడతను. ఇన్వర్టర్ కూసి ఆగేలోపే చూడాలి. బ్యాటరీ దగ్గర 12.2 ఉంది, ఫర్వాలేదు. ఇన్వర్టర్ దగ్గర మాత్రం 10.4. అది 10.5 కిందికి దిగితే ఆగిపోయే రకం. అంటే బ్యాటరీ ఇస్తోంది, దారిలో ఎవరో తినేస్తున్నారు.

దొంగను పట్టిన తీరు నాకు భలే నచ్చింది. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద ఉంచి, రెండో కొనను వైరు వెంట ఒక్కో అతుకు దగ్గరా ఆనిస్తూ పోయాడు. కరెంటు వ్యాను ఇనుప బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే చోట ఉన్న బాడీ ఎర్తు బోల్టు దాటగానే అంకె ఒక్కసారిగా ఒకటిన్నర పెరిగింది. వైరు కొసన ఉండే లగ్గును, అంటే రింగును, ఛాసిస్ రంగు మీదే బిగించేశారు, రంగులోంచి కరెంటు సరిగా పోదు!

500 వాట్ల మిక్సీ ఇంట్లో 230 వోల్టుల మీద రెండు ఆంపియర్ల చిల్లరే లాగుతుంది. 12 వోల్టుల దగ్గర, ఇన్వర్టర్ నష్టంతో కలిపి, దాదాపు 50. ఒకటిన్నరను 50తో భాగిస్తే 0.03 ఓమ్. ఇంటి కరెంటుకు ఈ నిరోధం లెక్కలోకే రాదు. మామూలు మీటరును ఓమ్స్‌లో పెట్టినా దొరకదు, మీటరు వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. అందుకే వైరు తెగలేదని మీటరు కొట్టే బీప్ విని "కనెక్షన్ బాగుంది" అనేవాళ్లు మోసపోతారు. అదే ఒకటిన్నరను 50తో గుణిస్తే 75 వాట్లు. మామూలు సోల్డరింగ్ ఐరన్ కంటే ఎక్కువ వేడి ఆ ఒక్క బోల్టులోనే. బావ వేలు పెట్టి చటుక్కున తీసేశాడు.

ముందు నెగటివ్ క్లాంపు ఊడదీశాడు. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పులు కురుస్తాయి. రంగు గీకి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశాడు. మళ్లీ మిక్సీ వేస్తే ఇన్వర్టర్ దగ్గర 11.8.

బావ కొత్త బ్యాటరీ ధర అడగడం మానేసి బండి కిందికి దూరాడు. నీళ్ల పంపు ఎర్తు కూడా రంగు మీదే ఉందట.